పౌర్ణమి పోటుకు తీసిన లెవెల్స్

నా పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్ళు ఉందనగా, ఒక వేసవిలో, విజయవాడ గవర్నర్‌పేట ఆఫీసు నుంచి నన్ను కృష్ణా డెల్టా చివరనున్న ఒక చిన్న రేవు పట్నానికి రక్షణగోడ డిజైన్ చేయమని పంపారు. అప్పుడు నేను ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని. సముద్రమట్టం పెరుగుతోంది కాబట్టి పాత గట్టు కంటే ఎత్తుగా గోడ లేపాలి, వెనకనున్న పల్లంలో మట్టి పోసి దుకాణాలు కట్టాలి. లెవెల్స్ తీయించాను, అంటే నేల, కాలవల్లో నీరు ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిపించాను. డ్రాయింగుల మీద సంతకం చేసి సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి పంపాను.

ఆ తర్వాతే ఊళ్ళో సమావేశం పెట్టాం. చేపల వ్యాపారం చేసే నాంచారమ్మ గారు అంతా విని లేచారు.

"గోడ కట్టండి, వద్దనం. కానీ మా వీధిలోకి నీళ్ళు గట్టు దాటి రావండీ. మురుగు కాలవలోంచి ఎదురెక్కి వస్తాయి. పౌర్ణమికి వచ్చి చూడండి."

పెద్దగా నమ్మకం లేకుండానే వెళ్ళాను. పొద్దున పోటు వేళకు గట్టు పొడిగానే ఉంది. కాలవలో నీరు మాత్రం వెనక్కి తిరిగింది. కాసేపటికి వీధిలోకి పొంగి నా బూట్లు తడిపింది. ఆమె కుర్చీ తెచ్చి అరుగు మీద వేశారు. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు. మేం లెవెల్స్ తీసింది నీరు తగ్గి ఉన్న వేళ.

ఆ పౌర్ణమి పోటుకే లెవెల్స్ మళ్ళీ తీయించి, ఆ వారమే నా డిజైన్ తప్పని నేనే నోట్ రాశాను. కాలవలు సముద్రంలో కలిసే మొగల్లో పోటుకు మూసుకునే షట్టర్లు పెట్టాలి. అవి మూసి ఉన్నప్పుడు వాననీరు నిలవడానికి, దుకాణాలకు అనుకున్న పల్లాన్ని ఖాళీగా వదలాలి.

"సంతకం పెట్టింది మీరే కదండీ," అన్నారు సూపరింటెండింగ్ ఇంజనీరు గారు. సంజాయిషీ అడిగారు. షట్టర్లకు ఒప్పుకున్నారు గానీ పల్లం విషయం పక్కన పెట్టారు. ఆ ఏడు ప్రమోషన్ జాబితాలో నా పేరు రాలేదు.

గోడ పూర్తయ్యాక తుపాను వచ్చింది. సముద్రం లోపలికి రాలేదు. వాననీరు మాత్రం షట్టర్ల వెనక చేరి రెండు వీధులు మోకాలి లోతు మునిగాయి. అప్పుడు నా పాత నోట్ బయటికి తీశారు. దుకాణాల కోసం పోసిన మట్టి ఎత్తించి ఆ స్థలాన్ని చెరువుగా తవ్వించారు. నేను రిటైరయ్యేలోగా మరో రెండు తుపానులు వచ్చాయి. ఆ వీధుల్లో నీళ్ళు నిలవలేదు.

సముద్రాన్ని ఆపే గోడ గీసేటప్పుడే, లోపల పడే వాన ఎక్కడ నిలవాలో కూడా గీయాలి. లెవెల్స్ పోటు వేళ తీయాలి. సమావేశం సంతకానికి ముందు పెట్టాలి.