చుక్కల పుస్తకంలో మూడు

కళ్ళు పరీక్షించి అద్దాల నంబరు చెప్పే ఆప్టోమెట్రీ చదువును వీరరాఘవన్ ఇష్టపడి తీసుకున్నాడు. చేరిన రెండో నెలలోనే అది చేజారిపోతుందేమోనన్న భయం పట్టుకుంది.

ఆ రోజు ల్యాబ్‌లో విద్యార్థులు ఒకరి కళ్ళు ఒకరు పరీక్షించుకుంటున్నారు. అతనికి జతగా పడిన ప్రియా రంగుచుక్కల పుస్తకం తెరిచింది. చుక్కల మధ్య దాగిన అంకె చెప్పాలి. మొదటి పేజీలో పన్నెండు అన్నాడు, సరిపోయింది. రెండో పేజీలో మూడు అన్నాడు.

"ఎనిమిది కదా?" అంది ప్రియా.

ఆ తర్వాత కొన్ని పేజీల్లో అతనికి అంకే కనబడలేదు. తలనొప్పి అని చెప్పి లేచిపోయాడు. నెల్లితోపు మార్కెట్‌లో పండినవనుకుని పచ్చి టమాటాలు ఏరి తెచ్చినందుకు అమ్మ చేత తిన్న తిట్లన్నీ బస్సులో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎరుపూ పచ్చా విడదీయలేని కన్నుతో ఇంకొకరి కళ్ళేం చూస్తాడు? తెలిస్తే కాలేజీలో ఉండనిస్తారా? వారం తిరిగేసరికి ఆ పుస్తకంలో ఏ పేజీలో ఏ అంకె ఉందో కంఠతా పట్టేశాడు. రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చాడు.

మూడో ఏడు క్లినిక్‌లో కూర్చోబెట్టారు. ఒక ఉదయం వీరాంపట్టినం నుంచి ముత్తు అనే జాలరి వచ్చాడు, కంట్లో ఇసుక పడ్డట్టు గరగర అంటూ. వీరరాఘవన్ కంటిని పెద్దదిగా చూపే స్లిట్‌ల్యాంప్ లోంచి చూసి, కన్ను మామూలుగానే ఉందని కాగితం మీద రాశాడు. క్లినిక్ చూసుకునే శివగామి మేడమ్ ఆ కాగితం చదివి, ముత్తు ముఖంలోకి చూసింది.

"చింతనిప్పులా ఉన్న కన్ను నీకు మామూలుగా ఉందా?"

ముత్తును వెంటనే డాక్టరు దగ్గరకు పంపారు. మందు పడింది. అంతటితో పోయిందిలే అని ఊరుకోవడం వీరరాఘవన్ వల్ల కాలేదు. మేడమ్ చూడకపోయి ఉంటే ఆ మనిషి అదే కంటితో మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం రోగులు తగ్గాక ఆమె గదికి వెళ్ళి, పుస్తకం కంఠతా పట్టిన సంగతితో సహా అంతా చెప్పేశాడు.



"రంగు తెలియకపోవడం నీ తప్పు కాదు. దాచావు చూడు, అది తప్పు" అంది శివగామి మేడమ్. అతన్ని స్లిట్‌ల్యాంప్ ముందు కూర్చోబెట్టి, ప్రియాను పిలిచి అవతల గడ్డం ఆనించమంది. ఒక మీట తిప్పగానే వెలుగు మారింది. "ఇది పచ్చ వెలుగు. ఇప్పుడు చూడు."

ప్రియా తెల్లగుడ్డు మీది రక్తనాళాలు సన్నటి నల్లదారాల్లా విడివిడిగా తేలాయి. అతను వాటిని లెక్కపెట్టగలిగాడు.

"అద్దాల నంబరు తీయడానికి నీకు రంగుతో పనిలేదు. ఎరుపు పచ్చ బోర్డు పెట్టినప్పుడు ఏ రంగు మీది అక్షరాలు బాగున్నాయని కాక ఎడమవైపువా, కుడివైపువా అని అడుగు, చాలు. అనుమానం వచ్చినచోట పక్కవాళ్ళను పిలువు. నా సర్వీసులో నీలాంటి వాళ్ళు ఇద్దరు చదివి వెళ్ళారు."

రెండేళ్ళుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో దింపినట్టు అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రియా చూడనట్టే కిటికీ వైపు తిరిగింది.

"ఇది ఎక్కువగా తల్లి వైపు నుంచి వస్తుంది" అంది మేడమ్. "మీ అమ్మ వాళ్ళ నాన్న ఉన్నారా?"

ఉన్నాడు. మిల్లులో కూలీగా చేసి ఇంట్లో కూర్చున్న చిన్నదురై తాత. పెళ్ళయిన ఏడాదే ఆయనకు రైల్వేలో పని ఖాయమై, మెడికల్ పరీక్షలో పోయింది. కన్ను ఫెయిల్ అన్నారట. సూదిలో దారం ఎక్కించే వాడి కన్ను ఎట్లా ఫెయిలవుతుందని ఎవరూ నమ్మలేదు. పరీక్షకు తాగి పోయి ఉంటాడన్నారు. ఆ మాట యాభై ఏళ్ళు ఆయన్ని వదల్లేదు.

ఆ శనివారం తాతను, అవ్వ వెంకటరమణమ్మను వీరరాఘవన్ క్లినిక్‌కు తీసుకొచ్చాడు. పుస్తకం రెండో పేజీ తెరిచాడు.

"ఏందిరా దీంట్లో చూసేది? మూడు" అన్నాడు తాత.

"నాకూ మూడే తాతా. తక్కినోళ్ళకు ఎనిమిది."

విషయమంతా విడమరిచి చెప్పాడు. సిగ్నల్ రంగులు తెలియాలి గనక రైల్వేవాళ్ళు ఇదే చూసి ఉంటారన్నాడు. ముసలాయన ఆ పేజీని చేత్తో తడిమాడు.

"అయితే నేను తాగి పోలేదని తెలిసినట్టేనా?"

"నువ్వు యాడ తాగినావయ్యా" అంది వెంకటరమణమ్మ. "నేను గూడా అన్నాను గదా, నలుగురితో పాటు. ఇన్నేండ్లూ ఒక్క మాట ఎదురు చెప్పకపోతివే."

"నాకే తెలీదే, ఏం చెప్పేది? సరి, వదులు. ఆకలేస్తా ఉంది."

ముగ్గురూ క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నారు. తాత రెండో ప్లేటు కూడా అడిగాడు. వీరరాఘవన్ ఇప్పుడు ఆఖరి ఏడు, ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాడు. ఎర్రదనం సంగతి తేలనప్పుడు "ప్రియా, ఒకసారి రా" అని రోగి ఎదుటే పిలుస్తాడు.