నేను తెచ్చిన నాలుగు చక్రాలు

మొన్న ఆదివారం మా అమ్మాయి తన కారులో నన్ను విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు షికారుకి తీసుకెళ్లింది. ఈమధ్యే పాత చక్రాలు తీయించి మెరిసే కొత్తవి వేయించుకుంది. ఊళ్లో టోటోల, అదే బ్యాటరీ రిక్షాల మధ్య నుంచి బయటపడి ఖాళీ రోడ్డెక్కాక, కాస్త వేగం అందుకుంటే స్టీరింగు అదురుతోందనీ, మెకానిక్కి చూపిస్తే అంతా మీ అనుమానమే దీదీ అన్నాడనీ చెప్పి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. నీ చేతికి తెలిసింది నిజమేనమ్మా, చక్రాలు విప్పించి చూపించు అని కాస్త గట్టిగానే అన్నాను. ఎందుకంత గట్టిగా అన్నానో ఆ పిల్లకి అర్థం కాలేదు. జరిగి యాభై ఏళ్లు దాటినా ఎవరికీ చెప్పుకోలేని సంగతి అది. నా వయసువాళ్లు మీరైతే అర్థం చేసుకుంటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైలు పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ వచ్చాడు. నాన్న రైల్వే వర్క్‌షాపులో రైలు చక్రాల దగ్గరే ముప్పై ఏళ్లకి పైగా పనిచేశారు. లేతు మిషను మీద చక్రం తిరుగుతుంటే పక్కన నిలబడి, ఆ చప్పుడు విని, ఎక్కడ వెంట్రుకవాసి తేడా ఉందో చెప్పేసేవారట. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ మాట చెప్పుకునేవారు. రిటైరయ్యాక ఒక పాత నల్లకారు కొని, సుభాష్‌పల్లిలో మా ఇంటి ముందు పెట్టుకుని అద్దెకి తోలేవారు. పెళ్లివారూ, పురిటికి వెళ్లే ఆడవాళ్లూ, మేదినీపూర్ ఆసుపత్రికి వెళ్లే రోగులూ పెద్దాయన బండి అయితేనే ఎక్కుతామనేవారు, తెలుగువాళ్లే కాదు, బెంగాలీలు కూడా.

ఆ కారు చక్రాలు తుప్పు పట్టి అంచులు పెళుసుబారాయి. ఆ బండి సామాన్లు అప్పటికే దొరకడం మానేశాయి. నాకు వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉద్యోగం ఖాయమైన ఏడు, కలకత్తా వెళ్లి పాత సామాన్ల బజారంతా తిరిగి, వేరే రకం కారువి నాలుగు చక్రాలు కొని రైల్లో తెచ్చాను. బోల్టుల రంధ్రాలు సరిగ్గా సరిపోయాయి. వాటికి వెండిరంగు వేసి నా చేతులతో నేనే బిగించాను. అవి చూసి నాన్న ఎంత మురిసిపోయారో, వీధి చివర దాకా బండి తోలుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చి, దిగి, చుట్టూ తిరిగి చూసుకున్నారు. తెలిసినవాళ్లు ఎవరొచ్చినా మా వాడు తెచ్చినాడని చూపించేవారు.

పదిహేను రోజులు కాకముందే, నలభై మైళ్ల వేగం దగ్గర స్టీరింగు అదురుతోందని నాన్న అన్నారు. నేను నట్లు బిగించి చూశాను, టైర్లలో గాలి చూశాను, జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూశాను. నాకేమీ కనిపించలేదు. చక్రం మధ్యలో ఉన్న పెద్ద రంధ్రం కొలిచి చూడమని ఆయన రెండుసార్లు చెప్పారు. నేను కొలవలేదు. నేను తెచ్చిన చక్రాలకి వంక పెడుతున్నారని లోపల చిన్న కోపం. పైగా, ఆ రోజుల్లోనే టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆయన వేళ్లు సన్నగా కదలడం అమ్మా నేనూ గమనించి, ఒకరితో ఒకరం అనుకోకుండా ఊరుకున్నాం.

ఒకరోజు పొద్దున్నే నాన్నతో కలిసి పనిచేసిన ఒకాయన, నిండునెలల కూతుర్ని మేదినీపూర్ తీసుకెళ్లాలని వచ్చాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి, బండిలో ఏదో తేడా ఉంది, అది తేలేదాకా కడుపుతో ఉన్న పిల్లని ఎక్కించలేను, వేరే బండి చూసుకోమన్నారు. అప్పుడు నేను అందరి ముందూ ఆ మాట అనేశాను.

"బండికేటీ అవలేదు నాన్నా. అదిరేది నీ సేతులు."

నాన్న నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో.

"ఒణుకు ఏరు, అదురు ఏరురా," అన్నారు నెమ్మదిగా. "నాకు తెల్దా?"

నేను వినలేదు. తాళం తీసుకుని నేనే తోలుకెళ్లాను. నిండుచూలాలు ఎక్కిన బండి కదా, గతుకులు చూసుకుంటూ ఎక్కడా పాతిక మైళ్ల వేగం దాటకుండా పోయాను. స్టీరింగు కదిలితే ఒట్టు. సాయంత్రం ఇంటికొచ్చి, ఏమీ లేదు చూశావా అని గెలిచినవాడిలా చెప్పాను. నాన్న తాళం అందుకుని గుమ్మం పక్కన మేకుకి తగిలించారు. నెలల తరబడి మళ్లీ ఆ తాళం ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఆయన వరండాలో కూర్చోవడం, అందరూ ఉన్నప్పుడు టీ వద్దనడం, తువ్వాలు ఒళ్లో వేసుకుని చేతులు దాని కింద పెట్టుకోవడం మొదలైంది. బండి కావాలని వచ్చినవాళ్లని అమ్మే, బండి లేదని చెప్పి, పంపేసేది. ఒకరోజు నాకు అన్నం పెడుతూ, "బండి తోలకపోతే పోనాది. ఆ మనిసికి మాటే లేకుండా సేసినావు" అంది. అంతకు మించి ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఏడెనిమిది నెలలు గడిచాయి, ఈలోపు బండి ఊరు దాటింది లేదు. చలికాలంలో ఒక మధ్యాహ్నం స్నేహితుణ్ణి వాళ్ల ఊళ్లో దింపి, మా ఊరి పక్క హైవే, బొంబాయి రోడ్డు మీద ఒక్కణ్ణే తిరిగొస్తున్నాను. ముందు రోడ్డంతా ఖాళీ. మీటరు ముల్లు నలభై దాటగానే స్టీరింగు నా చేతుల్లో అదిరింది. వేగం తగ్గిస్తే ఆగింది, పెంచితే మళ్లీ మొదలైంది. బండి పక్కకి ఆపి నా చేతులు ముందుకు చాపి చూసుకున్నాను. నాకప్పుడు పాతికేళ్లు, చేతులు రాయిలా ఉన్నాయి.

మర్నాడు పెరట్లో పడేసిన తుప్పు చక్రాల్లో కాస్త మంచివి రెండు ముందువైపు బిగించి అదే రోడ్డు మీదికి తీసుకెళ్లాను. అదురు పోయింది. ఇంటికొచ్చి నేను తెచ్చినవి మళ్లీ బిగించి, జాకీ మీద లేపి, టైరుకి ఆనీ ఆననట్టు సుద్దముక్క పట్టుకుని తిప్పితే, ఒక పక్కనే గీత పడింది, రెండో పక్క సుద్ద తగలనే లేదు. చక్రం విప్పి మధ్య రంధ్రం కొలిచాను. కారు ఇరుసు చివర చక్రం కూర్చునే బొడిపె కన్నా ఆ రంధ్రం అణా బిళ్ల మందం మేర పెద్దది. చక్రం నడిమధ్యలో కూర్చోక, బోల్టుల మీదే ఒక పక్కకి వేలాడుతోంది. నాన్న కొలవమన్నది సరిగ్గా దాన్నే.

గోల్‌బజార్ దగ్గర లేతు పనివాడి చేత ఆ ఖాళీకి సరిపడా నాలుగు ఇనప రింగులు చేయించి వేశాను. బండి బాగుపడింది. అప్పుడు వెళ్లి నాన్న ముందు నిలబడి, నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకుని, ఒక్కసారి తోలి చూడమని బతిమాలాను. ఆయన లేచి వచ్చి, చక్రాల వెనక వేళ్లు పెట్టి తడిమి చూసి, తలాడించి, తోలే సీట్లో కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

బొంబాయి రోడ్డు ఎక్కాం. నలభై దాటింది. బండి నున్నగా పోతోంది. కానీ ఆయన చేతుల్లో స్టీరింగు మాత్రం అటూ ఇటూ సన్నగా కదులుతూనే ఉంది. నేను చూడనట్టు రోడ్డు వైపు తల తిప్పుకున్నాను. నాన్న నెమ్మదిగా బండి పక్కకి తీసి ఆపారు.

"సెక్రం బాగుందిరా. అదురు పోనాది," అన్నారు. తన చేతులు చూసుకుంటూ, "ఇప్పుడొణికింది నా సెయ్యే. ఆ రోజు కాదు," అన్నారు.

తర్వాత దిగి, బండి చుట్టూ నడిచి నా వైపు తలుపు తీసి, "నువ్వు తోలు" అన్నారు.

ఇంటి దాకా నేనే తోలాను. ఆయన చేతులు ఆయన మాట విన్న ఆఖరి నెలల్ని నేను ఆ తాళంతో పాటు మేకుకి తగిలింపజేశానని నాకు ఆ దారిలోనే తెలిసింది. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు వరండాలోకి వెళ్లి, ఎండ ఎక్కువగా ఉందనో పేపరు వచ్చిందా అనో అడిగి వచ్చేసేవాణ్ణి. మూడేళ్లకి ఆయన పోయారు. చివరి రోజుల్లో అన్నం నేనే తినిపించాను. ఆ పని నాకు ఇచ్చినందుకు అమ్మకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు చక్రాన్ని ఒక యంత్రానికి తగిలించి తిప్పితే, తేడా ఎక్కడుందో ఎంతుందో అంకెల్లో కనిపిస్తుంది. ఎవరూ ఎవరి మాటా నమ్మాల్సిన పనిలేదు. మా కాలంలో అలాంటిదొకటి ఉండి ఉంటే నాన్న ఆ మాట పడాల్సి వచ్చేది కాదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వయసు మీదపడ్డాక అలా చెప్పుకోవడం మానేశాను. ఆ రోజుల్లో ఈ ఊళ్లో మనిషి చెయ్యే కొలత, మనిషి మాటే లెక్క. నాన్న చెయ్యి పెట్టి పంపిన చక్రాల మీద ముక్కూ మొహం తెలియని వేలమంది రైళ్లలో నిశ్చింతగా నిద్రపోయారు. ఆ చేతిని నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే.