కుర్చీ అడుగున పెన్సిల్ గీత

వడ్రంగి మేస్త్రికి ముక్కు మీద కోపం. పాపం, ఆ కోపమంతా చెక్క మీదే గానీ మనుషుల మీద కాదు. పని నేర్చుకుంటానని ఎవరొచ్చినా సరే, ఉలి పక్కన పెట్టి, అతుకు విప్పి మరీ చూపించేవాడు. "చూసి చేసుకో, నా సొమ్మేం పోయింది?" అనేవాడు. కుర్చీ అడుగున, ఎవరూ చూడని చోట, ముందు వైపేదో తెలియడానికి పెన్సిల్‌తో ఓ అడ్డగీత గీసుకునేవాడు. పనైపోయాక దాన్ని తుడిచే అలవాటు మాత్రం లేదు.

అంత పనిమంతుడూ సొంత భార్యకి ఒక్క కుర్చీ చేసిపెట్టలేదంటే నమ్మండి! ఆవిడ పొట్టి మనిషి. ఎక్కడ కూర్చున్నా కాళ్లు గాల్లో వేలాడతాయి. "ఊరందరి కాళ్లూ కొలిచారు, నా కాళ్లే మీకు కనపడలేదు" అని నలభై ఏళ్లుగా సాధిస్తూనే ఉంది. "రేపు చేస్తానే" అని ఆయనా నలభై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆ రేపు వచ్చేలోగా చేతులకి వణుకొచ్చింది. ఉలి పట్టుకుంటే చెక్క బదులు వేలు తెగేది. షెడ్డు మూతపడింది.

అప్పుడు తెచ్చాడు అల్లుడు, తలకి తగిలించుకునే ఆ నల్లటి కళ్లజోడు. పెట్టుకుంటే చాలు, ఇంట్లో కూర్చునే ఇంకో లోకంలో తిరగొచ్చు. ఎక్కడెక్కడి మనుషులో అందులోకొచ్చి ఇళ్లు కట్టుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. పైగా అక్కడ చేతి వణుకుని యంత్రమే సరిచేస్తుంది. గీత తిన్నగా పడటం చూసి మేస్త్రి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మొట్టమొదట చేసింది భార్యకి కుర్చీయే. కాళ్లు నేలకి ఆనేంత పొట్టిది. అలవాటుగా అడుగున గీతా గీశాడు. ఆవిడా కళ్లజోడు పెట్టుకుని అందులో కూర్చుంది. నిజానికి కూర్చున్నది మంచం అంచున, కాళ్లు వేలాడుతూనే ఉన్నాయి. అయినా "హమ్మయ్య, ఆనాయండీ!" అంది.

వస్తువు చేసినప్పుడల్లా ఆ లోకం ఒక ప్రశ్న అడిగేది: దీనికి తాళం వేసి అమ్ముతావా, లేక ఎవరైనా నకలు తీసుకుని మార్చుకోవచ్చా? "ఎవరైనా" అనేవాడు మేస్త్రి. అల్లుడు నెత్తీ నోరూ బాదుకున్నాడు.

"మామయ్యగారూ, అందరూ తాళాలేసి అమ్ముకుంటున్నారు. పోనీ, మీకంటూ ఒక నకలైనా ఇంట్లో దాచుకోండి."

"నా కుర్చీకి నేను నకలు తీసుకోవడమేమిటయ్యా, విడ్డూరం కాకపోతే!"

ఆ లోకాన్ని నడిపే కంపెనీ మొదట్లో అంతా ఉచితమంది. జనం చేరాక గోడలకి ప్రకటనలు అంటించింది. ఆనక ఇంటికి అద్దె అంది. ఆపైన, ఇక్కడి వస్తువేదీ గడప దాటకూడదని తలుపులేసేసింది. చివరికి గిట్టుబాటు కావడం లేదంటూ వారం గడువిచ్చి మొత్తం లోకాన్నే ఆర్పేసింది. ఆ వారమంతా అల్లుడు నానా తిప్పలూ పడ్డా కుర్చీ బయటికి రాలేదు. మళ్లీ చేద్దామంటే, యంత్రం కూడా సరిచేయలేనంతగా వణుకు ముదిరిపోయింది. "పోతే పోయిందిలెండి" అంది భార్య. ఆ తర్వాత కాళ్ల ఊసే ఎత్తలేదు. ఆ సాధింపు లేకపోయేసరికి ఆయనకి ఇల్లు ఇల్లులా అనిపించలేదు.

కొన్ని నెలలకి అల్లుడు ఇద్దర్నీ ఇంకో లోకానికి తీసుకెళ్లాడు. అది ఏ కంపెనీదీ కాదు, వాడుకునేవాళ్లే తలా కొంత వేసుకుని నడుపుకుంటున్నది. ఏ వస్తువునైనా తెచ్చుకోవచ్చు, కావాలంటే పట్టుకుపోవచ్చు. "తేవడానికి నా దగ్గరేం ఏడ్చింది?" అని గొణుగుతూనే వెళ్లాడు మేస్త్రి.

అక్కడ ఒకావిడ పిల్లలకి కథలు చదివే గది ఉంది. అందులో పన్నెండు పొట్టి కుర్చీలు. కుర్చీ కనిపిస్తే ఊరుకునే మనిషా? ఒకదాన్ని తిరగేశాడు. అడుగున పెన్సిల్ గీత! ఆయన వేలితో దాన్ని తడిమి చూశాడు.

"ఎవరు గీశారో తెలీదండీ" అంది కథలావిడ. "పాత లోకం తలుపులేయకముందే నకలు తీసి తెచ్చుకున్నాను. తుడిచేద్దామనుకుని, మనసొప్పక వదిలేశాను."

"మా ఆయనేనమ్మా గీసింది. ఇది నా కుర్చీ" అంది భార్య.

మేస్త్రి చూపు మాత్రం కుర్చీకి కొత్తగా మొలిచిన చేతుల మీద ఆగింది. "ఇవెవరు పెట్టారు? నేను పెట్టలేదే!" పాత కోపం ముక్కు దాకా వచ్చింది.

"నేనేనండీ. మా అమ్మ లేవడానికి పట్టు ఉండాలని పెట్టాను. తప్పయిందా?"

ఆయన వంగి అతుకులు ఒక్కొక్కటే చూశాడు. "తప్పేంటమ్మా! నాకే తట్టలేదు" అన్నాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగనివాడు, మొహమాటపడుతూ, "ఒకటి... మా ఆవిడకి తీసుకోవచ్చా?" అన్నాడు.

"అడగాలాండీ? ఎవరైనా తీసుకోవచ్చని దాని మీదే ఉందిగా!"

భార్య కూర్చుంది. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, వంగి కిందికి చూసుకుంది. "ఆనాయండీ" అంది.

మేస్త్రి ఏడుపు దాచుకోలేదు. "అల్లుడూ, ఈసారి ఇంట్లో ఒక నకలు దాచవయ్యా" అన్నాడు. "తాళం మాత్రం వెయ్యకు."