ప్రభుత్వానికి ముప్పై ఒక్క మార్కులు

మా బావ ఒక దేశ ప్రభుత్వాన్ని పరీక్షలో ఫెయిల్ చేశాడు. పైన మంత్రుల దగ్గర్నుంచి కింద గేటు కాపలావాడి దాకా అందరికీ కలిపి వందకి ముప్పై ఒకటి వేసి, మళ్ళీ రాసుకు రమ్మన్నాడు.

సరే, ప్రభుత్వాన్నంతా కాదు. అందులో ఒక శాఖని. శాఖని కూడా కాదనుకోండి, ఆ శాఖ పంపిన పద్నాలుగు పేజీల దరఖాస్తు ఫారాన్ని. కానీ ముప్పై ఒకటి మాత్రం నిజం. ఎర్ర సిరాతో వేసి చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. నేను కళ్ళారా చూశాను. 

ఆయనకి ఎనభై నిండుతున్నాయని కూతుళ్ళిద్దరూ ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. మావయ్యా, నువ్వూ రాయి అన్నారు. సాహిత్యమే ఊపిరి, శిష్యుల పాలిటి కల్పవృక్షం అని రాసేవాళ్ళు రాస్తారు. ఆయన చేత ఒక ఫారం నింపించడమంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అదే రాస్తాను.

ఇరవై ఏడో ఏట ఈ దేశం వచ్చాడు. పెట్టెలు రెండు. ఒకదాన్నిండా పుస్తకాలు, రెండోదాంట్లో ఇంకొన్ని పుస్తకాలు. బట్టలు ఒంటిమీదే ఉన్నాయి, మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని దిగాడు. రెండే అంటుంది మా అక్క. ఆవిడ మరుసటేడు కదా వచ్చింది, ఆవిడకేం తెలుసు. ఉద్యోగం ఏమిటంటే, ఇక్కడివాళ్ళ సాహిత్యం ఇక్కడివాళ్ళ పిల్లలకే చెప్పడం. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. అయినా గంట కొట్టాక కూడా ఒక్క పిల్లవాడూ లేచేవాడు కాదట. ఈయన తలుపుకి అడ్డంగా నిలబడి పాఠం చెప్పేవాడు మరి, లేచి ఎక్కడికి పోతారు.

తాళాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదుల్లో కాపురం. బట్టల బీరువాలో పుస్తకాలు, తలుపు వెనక మేకులకి బట్టలు. స్నానాలగది కిటికీ గట్టు మీద పెట్టినవి ఆవిరికి ఉబ్బిపోయి, ముయ్యబోతే మూతపడేవి కావు. మా అక్క ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి కూర్చోవాలంటే ముందు కుర్చీలోని గ్రంథాలయాన్ని ఖాళీ చేయించుకోవాలి.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఆ ఎర్రకలం. పిల్లలు ఒక పేజీ రాస్తే ఈయన అంచుల్లో రెండు పేజీలు రాసేవాడు. ఎవరికీ అరవై దాటనిచ్చేవాడు కాదు. అరవై దాటితే మనిషి రాయడం మానేస్తాడని ఆయన సిద్ధాంతం. పోనీ, కాలేజీతో ఆగిందా. మందుసీసా మీది సూచనలు దిద్దాడు. కింద కొట్టువాడు తలుపుకి అంటించిన సెలవు నోటీసు దిద్దాడు. ఏడేళ్ళ పెద్దకూతురు ఆయన పుట్టినరోజుకి బొమ్మ వేసి నాలుగు మాటలు రాసిస్తే, ముద్దు పెట్టుకుని, యాభై నాలుగు వేసి ఇచ్చాడు. ఆ పిల్ల ఇప్పటికీ ఆ కార్డు దాచుకుంది, అది వేరే విషయం.

పదకొండేళ్ళు ఆయన నివాస అనుమతి సంగతి కాలేజీవాళ్ళే చూసుకున్నారు. పన్నెండో ఏడు శాశ్వత అనుమతికి ఎవరికి వాళ్ళే దరఖాస్తు పెట్టుకోవాలని ఫారం ఇంటికి పంపారు. మూడో శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల అందకపోతే అరవై రోజుల్లో నలుగురూ దేశం వదిలి వెళ్ళాలి. పిల్లలు బడిలో ఉన్నారు. మా అక్క అప్పుడే వార్డుకి పెద్ద నర్సయింది. గడువు మూడు వారాలు.

నేనూ అప్పటికి ఇక్కడికే వచ్చి, బస్సు డిపోలో టైం టేబుల్ వేసేవాణ్ణి. మూడు నిమిషాల ఆలస్యానికి ముగ్గురితో తిట్లు తినే ఉద్యోగం. రోజూ ఇంటికి పోతూ వాళ్ళింట్లోకి తొంగిచూసి, ఫారం ఎంతవరకొచ్చింది బావా అని అడిగేవాణ్ణి. చదువుతున్నాననేవాడు. నింపుతున్నానని ఒక్కరోజూ అనలేదని గురువారం దాకా నాకు తట్టనే లేదు. నా బుద్ధి గడ్డితింది.

గురువారం సాయంత్రం నేనే తీసి చూశాను. పద్నాలుగు పేజీలూ కురుక్షేత్రంలా ఎర్రగా ఉన్నాయి. జవాబులు రాయాల్సిన గళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. తొమ్మిదో పేజీ పక్కన, "ఈ ముక్క మూడో పేజీలోనే అడిగారు. అప్పుడు వినలేదా?" అని ఉంది. పదకొండో ప్రశ్న, ఈ దేశానికి ఎందుకు వచ్చారో రెండు లైన్లలో తెలపమంటుంది. దాని పక్కన, "అడిగేవాడికి జవాబు మీద ఆసక్తి లేదు. ఉంటే రెండు లైన్లే ఇవ్వడు." చివర్న ఆ ముప్పై ఒకటి, దాని కింద, "ప్రయత్నం కనిపిస్తోంది. మనిషి కనిపించడం లేదు. మళ్ళీ రాసి తీసుకురండి."

"ఇది నిన్నడిగిన ప్రశ్నపత్రం బావా, నువ్వు దిద్దాల్సిన జవాబు కాదు," అన్నాను.

"బాగోలేనిది ఎవరు రాసినా బాగోలేదురా," అన్నాడు.

మా అక్క ఫారం నంబరు చూసి, కొత్తది కావాలంటే ఆఫీసులోనే ఇస్తారని, మర్నాడు సెలవు పెడతానని మాత్రం చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి మా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి పాత ఫారం వాపసు ఇస్తే తప్ప కొత్తది ఇవ్వనంది. ఇచ్చాం. మొదటి పేజీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో పేజీ పక్క కౌంటరువాడికి చూపించింది. ఐదు నిమిషాల్లో నలభై మంది పోగయ్యారు. సరే, నలుగురు. ఆ గోలకి లోపల్నుంచి వాళ్ళ పైఅధికారి వచ్చాడు. బట్టతల, ముక్కు చివర కళ్ళజోడు. నిలబడే పద్నాలుగు పేజీలూ చదివాడు. మా పని అయిపోయిందనుకున్నాను.

"పదకొండో ప్రశ్న నేనే రాశాను," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. "ఏం తక్కువైందందులో?"

అక్కడ ఎవరైనా ఏం చేస్తారు? పొరపాటైంది బాబూ అంటారు. మా బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్రశ్న అడగడమంటే ఏమిటో మొదలుపెట్టాడు. నేను మోచేత్తో పొడిచాను. కాలు తొక్కాను. రెండుసార్లు దగ్గాను. ఆ అధికారైనా ఆపొచ్చు కదా, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. దొందూ దొందే. గోడ గడియారంలో ముప్పై నిమిషాలు అలా పోయాయి. డిపోలో అయితే పన్నెండు బస్సులు వెళ్ళిపోయేవి.

మూడుంపావుకి కొత్త ఫారం చేతికొచ్చింది. కలం బావకివ్వలేదు. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. అడిగినంతవరకే జవాబు, గడి దాటకూడదు అక్షరం అని మదర్ గారు స్కేలుతో నేర్పారు. పేర్లు, తేదీలు, చిరునామాలు గబగబా నింపేశాను. పదకొండో గడిలో "అధ్యాపక ఉద్యోగం నిమిత్తం" అని రాసి, సంతకానికి బావ ముందుకి తోశాను. టైము మూడూ నలభై.

ఆయన చదివాడు. కలం కింద పెట్టాడు.

"ఇది అబద్ధం. దీని కింద నేను సంతకం పెట్టను."

"ఉద్యోగానికి రాలేదా నువ్వు?"

"ఉద్యోగం వచ్చాక దొరికింది. ఎందుకొచ్చానో చెప్పాలంటే పంతొమ్మిదో ఏట నేను చదివిన..." అని, తల పట్టుకుని, "రెండు లైన్లలో రాదురా," అన్నాడు. ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు. నా విసుగులో సగం అక్కడ చచ్చింది. మిగతా సగం మాత్రం గడియారం చూస్తూనే ఉంది. మూడూ నలభై ఎనిమిది.

మా అక్క చేతిసంచీ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"నువ్వు రాసింది కొట్టెయ్యరా తమ్ముడూ. నేను చెప్తా, రాయి. పుస్తకాల్లో చదివిన వీధులు ఒక్కసారి చూసి పోదామని వచ్చాను. చూడడం ఇంకా అవలేదు."

రాశాను. గడిలో సరిగ్గా రెండు లైన్లు పట్టింది. మా బావ ఆ కాగితం వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"అరవై నాలుగు," అన్నాడు.

"ముందు సంతకం పెట్టండి," అంది అక్క.

పెట్టాడు. మూడూ యాభై ఆరుకి ముద్ర పడింది. నెలన్నరకి నలుగురికీ అనుమతి కాగితాలు వచ్చాయి. పిల్లలు ఆ బడిలోనే చదువుకున్నారు. బావ ఆ కాలేజీలోనే ఇంకో ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యాడు. ఆ వీధులు ఈ మధ్యే ఇంకోసారి చూసొచ్చాడు, గొడుగు ఎక్కడో మర్చిపోయి, ముక్కు కారుకుంటూ.

అచ్చుకిచ్చే ముందు ఇది ఆయనకి చూపించడం మర్యాద అంది అక్క. చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, కాగితాలు నా చేతిలో పెట్టాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు," అన్నాడు. "నేనసలు ఆ ఆఫీసుకి వెళ్ళనే లేదు. ఫారం నింపి పోస్టులో పంపాను. అది కూడా వారం ముందే."