నా సంతకం అక్కర్లేని తోట

క్రిందటి వారం అమలాపురం కోర్టు వరండాలో ప్లీడరు గారి గుమస్తా ఒక కాగితం మీద మా చెల్లెలి చేత సంతకం పెట్టించే ముందు, దాన్ని పైకి చదివి వినిపిస్తూ, మా నాన్నగారి పేరు ఇంటిపేరుతో సహా చదివి, 'వారి కుమార్తె' అన్నాడు. చెల్లెలు అదేమీ పట్టనట్టు కళ్ళజోడు సవరించుకుని సంతకం చేసేసింది గాని, పక్కనే చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకు మాత్రం కళ్ళు కుట్టాయి. నాన్నగారు పోయి ఇన్నేళ్ళయినా, అరవై దగ్గర పడుతున్న మనిషి, కాగితం మీద ఇంకా ఆయన కూతురే. నేనేమో రేషను కార్డులోనూ, బ్యాంకు పుస్తకంలోనూ, ఓటర్ల జాబితాలోనూ ఫలానా వారి భార్యని. అసూయ అనండి, కుళ్ళు అనండి, దానికి ఇంకా మర్యాదైన పేరేదో వెతికే ఓపిక ఈ వయసులో నాకు లేదు.

నన్ను తోడు రమ్మన్నది చెల్లెలే. ఉప్పలగుప్తం దగ్గర మా పుట్టింటి భూమిలో తమ్ముడు తన వంతుని రొయ్యల చెరువుకి కౌలుకిచ్చాడు. చెరువులో ఉప్పునీరు ఊరి, గట్టు పక్కనున్న తన కొబ్బరిచెట్ల మొవ్వులు వాలిపోతున్నాయని చెల్లెలు వాడి మీద దావా వేసింది. వాయిదా రోజున అక్కయ్య వస్తే బాగుంటుందని అది ఫోను చేసింది, అక్కయ్య వస్తే దానికి కాస్త బుద్ధి చెబుతుందని వాడూ చేశాడు. రాయవరంలో బస్సెక్కి, జొన్నాడ దగ్గర గోదావరి దాటి, రావులపాలెంలో బస్సు మారి వెళ్ళాను. ఇద్దరికీ నేను పెద్దమనిషిని. ఎందుకు కాను, ఆ తగువులో నాకు సెంటు భూమి లేదు కదా!

మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని, నా తరవాత తమ్ముడు, ఆఖరిది చెల్లెలు. మా అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకే ఏడు సంబంధాలు కుదిరాయి. ఆ ఏడు శ్రావణం అధికమాసం రావడంతో, అందరూ నిజ శ్రావణం కోసం కాచుకుని కూర్చుని, రాగానే రెండు రోజుల తేడాలో ముహూర్తాలు పెట్టించారు. ఒకే పందిరి, ఒకే వంటవాళ్ళు, ఒకే సన్నాయి మేళం. మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, పెళ్ళంటే ఆ రోజుల్లో ఊరంతా ఆ ఇంట్లోనే ఉండేది. సరిగ్గా నన్ను పెళ్ళికూతుర్ని చెయ్యబోయే ముందు చెల్లెలికి ఆటలమ్మ పోసింది. ఇంట్లో అమ్మవారు ఉండగా శుభకార్యమేమిటని పెద్దవాళ్ళు తర్జనభర్జన పడి, దాన్ని వేపమండలతో సహా మేనత్త గారింటికి తరలించి, ఇల్లు కడిగి, పందిట్లో నా ఒక్కదాని పెళ్ళి చేశారు. దాని పెళ్ళి మాఘమాసానికి వాయిదా పడింది. అది నా పెళ్ళి చూడలేకపోయానని కొంత, తన పెళ్ళి ఆగిపోయిందని కొంత, ముఖం నిండా పొక్కులతో ఏడ్చిందట. వచ్చిన చుట్టాలందరూ దాని మీద జాలిపడి, నన్ను అదృష్టవంతురాలన్నారు. నేనూ అదే అనుకుని, మెడ కాస్త నిటారుగా పెట్టుకునే అత్తవారింటికి వెళ్ళాను.

ఆ మరుసటి ఏడు మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. పిత్రార్జితంలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే సమానమైన హక్కు అన్నారు. అయితే దాన్ని కాస్త వెనక్కి జరిపి, ఒక తేదీ నుంచి అమలు చేశారు. ఆ తేదీ నాటికి పెళ్ళయిపోయిన ఆడపిల్లకి హక్కు లేదు, పెళ్ళికాని పిల్లకి ఉంది. ఆ తేదీ నా పెళ్ళయి పట్టుమని నెల తిరక్కుండా వస్తుంది, నా కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోని రోజులు. మేనత్త గారింట్లో వేపాకు పక్క మీద పడుకుని ఏడుస్తున్న పిల్లకి, తనకి తెలియకుండానే తోట వచ్చి పడింది. నన్ను చూసి అదృష్టవంతురాలన్న చుట్టాల్లో ఇప్పుడు చాలామంది లేరు గాని, ఉంటే ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుదును.

మా ఇంట్లో మాత్రం చాలా ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. చట్టాలు పుస్తకాల్లో ఉంటాయి, ఆడపిల్లలు అత్తవారిళ్ళలో ఉంటారు, అంతే. తమ్ముడు భూమిలో ఓ చెక్క అమ్మబోతే, కొనేవాళ్ళ ప్లీడరు పాత కాగితాలన్నీ తిరగేసి, చిన్నమ్మాయి గారు హక్కు వదులుకున్నట్టు సంతకం పెడితేనే అన్నారట. అప్పుడు గదా అందరికీ మెలకువ వచ్చింది! చెల్లెల్ని పిలిపించారు. నేనూ వెళ్ళాను, ఎవరూ పిలవకపోయినా. అమ్మ పళ్ళెంలో పసుపు కుంకుమ, పట్టుచీర, కొత్త గాజులు పెట్టి సిద్ధంగా ఉంచింది. ఆడపిల్ల పుట్టింటి క్షేమం కోరాలని, అన్నదమ్ముల కాపురం పచ్చగా ఉంటేనే పుట్టిల్లని నాన్నగారు నెమ్మదిగా చెబుతున్నారు, తమ్ముడు గుమ్మానికి చేరబడి గోళ్ళు చూసుకుంటున్నాడు, నేను అందరికీ కాఫీలు అందిస్తున్నాను. ఆ కాగితంలో నా పేరు ఎక్కడైనా ఉందేమోనని గ్లాసు పెట్టే నెపం మీద వంగి చూశాను. లేదు. వదులుకోవడానికైనా నాకు హక్కుండాలి కదా!

చెల్లెలు కాగితం రెండుసార్లు చదువుకుని, కలం చేతిలోకి తీసుకుని, నాన్నగారిని కాదు, తమ్ముణ్ణి కాదు, నన్ను చూసింది.

"నీకే ఉంటే నువ్వు పెట్టేసేదానివా అక్కా?"

పెట్టేసేదాన్ననాలని నోరు తెరిచాను. అమ్మ నా వంకే చూస్తోంది, ఆ మాట నేను అంటే పని అయిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాటకి బదులు, కాఫీ చల్లారిపోతోందన్నాను. చెల్లెలు నా ముఖం చూసి, కలానికి టోపీ పెట్టేసి, కాగితం నాన్నగారి వైపు జరిపింది.

ఆ తరవాత చిన్నది పుట్టింటిని కోర్టుకీడుస్తుందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆఖరికి నాన్నగారే దిగివచ్చి, రిజిస్టరు పంపకం చేసి, రోడ్డువైపు కొబ్బరితోట చెల్లెలికి రాయించారు. తన వాటా మాత్రం తమ్ముడికి వీలునామా రాశారు. రిజిస్ట్రారు ఆఫీసుకి నేనూ వెళ్ళాను, సాక్షి సంతకానికైనా పిలుస్తారేమోనని. దానికి పక్క పొలం ఆయన, ప్లీడరు గారి గుమస్తా సరిపోయారు. ముందు చెల్లెలి కోసం తీసిన పట్టుచీర ఆ రోజు నాకు పెట్టారు.

కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు ఆ తరవాతి ఏళ్ళలో తెలిసింది. కొబ్బరి దింపు తీసినప్పుడల్లా చెల్లెలు మా ఇంటికి కాయలు పంపేది. మా వారు నీళ్ళు తాగి తేనెలా ఉన్నాయనేవారు. నాకు అన్నీ చిన్నవిగానూ, పీచు ఎక్కువగానూ కనిపించేవి. ఒకసారి అది మా ఇంటికొచ్చినప్పుడు, తన తోటలో సగం నా పేర రాసిస్తానని, ఏడ్వబోతున్న ముఖం పెట్టి అంది. నేను అక్కర్లేదన్నాను. మా వారు నాకు గర్వమన్నారు, నిజమే, గర్వమే. కానీ మీరు చెప్పండి, అది ఇస్తే పుచ్చుకోవడమూ, నాన్నగారి కూతుర్ని గనక నాదని పుచ్చుకోవడమూ ఒకటేనా? చెల్లెలి దయ మీద నాకు దొరికే తోట నాకు పుట్టిల్లవుతుందా?

తరవాత ఢిల్లీలో ఇంకో చట్టం వచ్చింది, ముందు పెళ్ళయిన ఆడపిల్లలకీ హక్కు ఉందన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మా వారిని వెంటబెట్టుకుని ప్లీడరు గారి దగ్గరికి వెళితే, ఆయన అంతా విని, మర్యాదగా కాఫీ తెప్పించి, "మీకు హక్కుందండీ, కాదనలేం. కానీ రిజిస్టరు పంపకం ముందే జరిగిపోయింది గదండీ, దాన్ని కదపడానికి లేదండీ," అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వకపోవడమంటే అదే. మళ్ళీ మొన్నామధ్య సుప్రీం కోర్టు, తండ్రి ఉన్నా పోయినా కూతురు ఎప్పటికీ కూతురేనని తీర్పు ఇచ్చిందని టీవీలో చూసి, వంట వదిలేసి వచ్చి కూర్చున్నాను. పాత రిజిస్టరు పంపకాలకి అదీ వర్తించదట. దేశంలో ఆడపిల్లలందరికీ న్యాయం జరిగినందుకు సంతోషించాలని నాకూ తెలుసు. సంతోషించాను కూడా, పొయ్యి మీది పప్పు మాడిన వాసన వచ్చేదాకా.

ఇక క్రిందటి వారం కోర్టులో కేసు మళ్ళీ వాయిదా పడింది. బయట సైకిల్ స్టాండు దగ్గరికి వచ్చీ రాగానే ఇద్దరూ మొదలుపెట్టారు.

"నా తోటకి నీళ్ళొచ్చే బోదె కప్పెట్టేసి, ఉప్పునీళ్ళు నా చెట్ల మీదికి తోలేవు. నువ్వేం అన్నవిరా?"

"గట్టు జరుపుకున్నదానివి నువ్వే. గట్టు దొంగా! నాన్న నిన్ను నెత్తిన పెట్టుకుని పాడుచేసేరు."

ఇద్దరికీ బీపీ ఉంది. చుట్టూ నలుగురు చేరారు. చిన్నప్పుడు నాన్నగారి సైకిల్ ముందు కడ్డీ మీద ఎవరు కూర్చోవాలన్న దగ్గర కూడా ఇలాగే కొట్టుకునేవారు. ఇప్పుడు చెల్లెలు ఏడుస్తూనే వాడి చేతిలో ప్లాస్టిక్ సంచీ లాక్కుని, అందులోంచి మాత్రల అట్ట తీసి, మధ్యాహ్నంది వేసుకోలేదేమని మళ్ళీ తిట్టింది. వాడు నీళ్ళ సీసా ఇటు పారేయమని కసిరాడు. అంతలో నేను పక్కనున్నట్టు వాడికి గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"ఎండలో నుంచున్నావేం అక్కయ్యా, ఆటో పిలుస్తానుండు. మీ మరదలు చీర తీసి ఉంచింది, ఈసారి భోంచేసే వెళ్ళాలి."

మా రోజుల్లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎంత ఆప్యాయంగా ఉండేవారో, ఈ చట్టాలు వచ్చాక ఇళ్ళు ఎలా కోర్టుకెక్కాయో మన ఈడు వాళ్ళు చెప్పుకుంటూ ఉంటారు. నేనూ ఎన్నోసార్లు తల ఊపాను. ఆ ఆప్యాయత నాకు దక్కినంతగా ఎవరికీ దక్కి ఉండదు. ఇన్నేళ్ళలో తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు, వెళ్ళినప్పుడల్లా ఎన్నాళ్ళుంటావని అడిగాడు, వచ్చేటప్పుడు చీర పెట్టాడు. ఇప్పటి పిల్లలు పుట్టింట్లో గొంతెత్తి మాట్లాడుతున్నారు, వాళ్ళని ఎవరూ ఎన్నాళ్ళుంటావని అడగడం లేదు. ఆ రోజు భోజనానికి ఆగకుండా కోర్టు ఎదుటే బస్సెక్కి కిటికీలోంచి చూస్తే ఇద్దరూ ఇంకా అరుచుకుంటూనే కనిపించారు. దిగిపోయి, వాళ్ళ మధ్య నిలబడి, నేనూ నాలుగు కేకలు వెయ్యాలనిపించింది. కానీ ఏ గట్టు కోసమని వెయ్యను?