డెబోరా బిగించిన కంప్యూటర్

డెబోరా తోటపల్లి గూడూరులో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేసేది. ఆ స్కూలు మూతబడ్డాక ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని రిపేర్లు మొదలుపెట్టింది. రొయ్యల గుంటల వాళ్ల దగ్గర్నుంచి చర్చి పాస్టర్ల దాకా అందరూ ఆమె దగ్గరికే వస్తారు. "డెబోరక్క మిషను కంటే ముందు మనల్ని విప్పి చూస్తాది" అని నవ్వుకుంటారు. నిజమే. ఏం జరిగిందో అడిగి, ఓపిగ్గా వినిగానీ ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకోదు.

ఆమె బిగించి ఇచ్చిన కంప్యూటర్లలో బిందుది ఒకటి. బిందు చిన్నప్పట్నుంచీ చక్రాల కుర్చీలోనే. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంది. ఫోటోలున్న పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని రోజూ ఎవరో ఒకరు వస్తుంటారు. కుర్చీలోంచి వెనక పోర్టులు అందవు. అందుకే ముందువైపు పోర్టులున్న క్యాబినెట్ కావాలని అడిగి మరీ చేయించుకుంది.

తెచ్చి బల్లమీద పెట్టిన మర్నాడే ఫోన్ చేసింది. "అక్కా, ముందరి పోర్టుల్లో ఏది పెట్టినా ఉలుకూ పలుకూ లేదు."

డెబోరా స్కూటీ తీసి వెంటనే బయల్దేరింది. అదే పెన్‌డ్రైవ్ వెనక పోర్టులో పెట్టింది. చక్కగా తెరుచుకుంది. ముందు పెడితే ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ మంచిదే, విండోస్ మంచిదే, తేడా ముందువైపే ఉంది.

బిందు నాన్న పద్మనాభయ్య పొలానికి బయల్దేరబోతూ ఆగినాడు. "వెనకాల పనిచేస్తుండాది కదమ్మా. ఇంట్లో ఎవరో ఒకరం వచ్చి పెడతాంలే."

"మీరు పొలంలో ఉంటే ఎవరు పెడతారన్నా?"

బిందు తల దించుకుని ఒడిలో చేతులు చూసుకుంటోంది. ఎవరో ఒకరు అన్న మాట ఆ పిల్ల ఎన్నిసార్లు వినిందో అనుకుంది డెబోరా. కరెంటు వైరు పీకి, క్యాబినెట్ పక్కరేకు విప్పింది.

ముందు పోర్టుల నుంచి మదర్‌బోర్డుకు వచ్చే వైరు దాని చోటనే ఉంది. పైకి చూస్తే గట్టిగానే కూర్చుంది. అయినా నెమ్మదిగా ఊడదీసి టార్చి వేసింది. కింద వరసగా నిలబడ్డ సన్నని పిన్నుల్లో ఒకటి పక్కకు పడుకుని ఉంది.

"ఇది నా చెయ్యే బిందూ. బిగించేటప్పుడు వంకరగా నొక్కేసినా," అంది దాచకుండా.

పిన్ను విరిగితే మదర్‌బోర్డే మార్చాలి. డెబోరా ఊపిరి బిగబట్టి, సూదిమొనతో కొంచెం కొంచెంగా లేపింది. మధ్యలో చెయ్యి చెమట పడితే ఆగి, చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పట్టింది. పిన్ను నిలబడింది. వైరు తగిలించి కంప్యూటర్ వేస్తే ఒక పోర్టు బతికింది.

రెండోది ఒకసారి అందుకుని ఇంకోసారి వదిలేస్తోంది. పద్మనాభయ్య పొలం సంగతి మరిచిపోయి పక్కనే నిలబడినాడు. "ఒకటి చాలదా?"

"రెండూ ఉంటేనే అన్నా. ఒకదానికి ఆమె డిజైన్లు గీసే టాబ్లెట్ పలక, ఇంకోదానికి వచ్చినోళ్ల పెన్‌డ్రైవ్."

మళ్లీ కరెంటు తీసింది. పెన్‌డ్రైవ్‌ను బయటినుంచి నెడుతూ లోపలికి చూసింది. నెట్టినప్పుడల్లా పోర్టులున్న చిన్న బోర్డు వెనక్కి జరుగుతోంది. దాని స్క్రూ వదులైంది. అందుకే పెన్‌డ్రైవ్ పూర్తిగా దిగడం లేదు. ఆ స్క్రూ బిగించి కంప్యూటర్ వేసి, తను కూర్చున్న కుర్చీ జరుపుకుని పక్కకు తప్పుకుంది.

"నువ్వే పెట్టు," అంది.

బిందు కుర్చీ ముందుకు తోసుకుని పలక ఒకదానికి, పెన్‌డ్రైవ్ ఇంకోదానికి పెట్టింది. తెరమీద రెండూ కనబడ్డాయి. తీసి మళ్లీ పెట్టింది. పోర్టులు మార్చి పెట్టింది. పద్మనాభయ్య ఏదో అనబోతే డెబోరా వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

బిందు ఒక పెళ్లిపత్రిక తెరిచి పని మొదలుపెట్టింది. వీళ్లిద్దరూ గదిలో ఉన్న సంగతే మరిచిపోయింది. డెబోరా సామాన్లు సంచిలో వేసుకుని, ఆ అమ్మాయిని కదిలించకుండా బయటికి నడిచింది.