సైరన్ మోగితే ఇంటికెళ్లిన సైన్యం

ఆ రోజుల్లో పటాన్‌చెరు దగ్గరి మా హైస్కూలుకు గంటంటూ ఉండేది కాదు. ఉన్న ఇనుప పట్టాను ఎవరో పుణ్యాత్ములు పట్టుకుపోయారు. కొత్తగా వెలసిన ఫ్యాక్టరీలో పొద్దున సైరన్ కూస్తే బడి మొదలు, సాయంత్రం కూస్తే బడి బంద్. సాయంత్రపు సైరన్ కూసిందంటే పద్యం సగంలో ఉన్నా, పంతులు నోరు తెరిచి ఉన్నా, పిల్లలు సంచులు భుజాన వేసుకొని వెళ్లిపోయేవారు. అలాంటి బడికి నేను తెలుగు పంతులుగా వచ్చాను. మీసం సరిగా మొలవలేదు కానీ, కళను ఉద్ధరించాలన్న పిచ్చి మాత్రం దండిగా ఉండేది.

ఒకప్పుడు ఆ బడిలో ఏటా పద్యనాటకం ఆడేవారట. ఎప్పుడో ఆగిపోయింది. అప్పట్లో హార్మోనియం వాయించిన చాచా బడి ఎదురుగానే బట్టలు కుట్టేవాడు. నేను అడగ్గానే మిషన్ వెనక నుంచి పెట్టె తీసి, పైనున్న గుడ్డ ముక్కలు దులిపి, ఒకసారి వాయించి చూశాడు.

"దీనికి ఊపిరి ఇంక ఉన్నది సార్. పాడెటోల్లే లేరు. నా చెయ్యి వణకకముందు ఒక్క నాటకం వాయించాల్నని ఉన్నది" అన్నాడు. ఆ మాటకు నా గుండె కరిగి నీరైంది. ఆ వేడిలోనే వెళ్లి పెద్దసారును అడిగాను. ఆయన కళ్లద్దాల మీదుగా చూసి, "పెట్టు. గని నడుమ ఆగిందనుకో, ఇగ నాటకం మాట నా ముంగట ఎత్తొద్దు. ఆ పెట్టె కూడా మళ్ల బడిలకు రావద్దు" అన్నారు.

నాటకం నేనే రాశాను (ఎవరూ అడగలేదు). ఇద్దరు రాజులు, ఒక రాణి, బోలెడంత యుద్ధం. రాజు వేషానికి అందరూ ఉల్లిగడ్డ అని పిలిచే పిల్లవాడు దొరికాడు. వాళ్లది సంగారెడ్డిలో ఉల్లిగడ్డల దుకాణం. అంగట్లో అరిచి అరిచి వాడికి గొంతు ఇనుములా తయారైంది. రాగం తీయమంటే గిరాకీని పిలిచినట్లు తీసేవాడు. "పద్యానికి బేరం ఉండదురా" అని నేను మొత్తుకుంటే, చాచా మాత్రం "ఉండనీ సార్, గీ గొంతు ఆఖరు వరుస దాక పోతది" అని మురిసిపోయేవాడు.

రిహార్సల్ రోజూ ఆఖరి పీరియడ్లో, మొదటినుంచీ మొదలు. దేవుడి పాట, సభ, రాణి ఏడుపు, యుద్ధం. యుద్ధంలో రాజు కత్తి ఎత్తి "కదలకుడు వీరులారా" అని పద్యం అందుకోగానే సైరన్ కూసేది. వీరులందరూ కదిలి ఇంటికి పోయేవారు. చివరి రంగం రేపు చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఆ రేపు రానేలేదు.

ఆడే రోజు వచ్చింది. కరెంటును నమ్మలేక పగలే పెట్టాం. సైరన్ కూసేలోపల అయిపోతుందని నా లెక్క. పెద్దసారు ఉపన్యాసం ఆ లెక్కను మింగేసింది. ఉల్లిగడ్డ కత్తి ఎత్తి "కదలకుడు" అన్నాడో లేదో, సైరన్ కూసింది.

చచ్చి పడి ఉన్న సైనికుడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. రాణి కుచ్చిళ్లు పైకి దోపుకొని సంచి వెతుక్కుంది. శత్రురాజు మా రాజు భుజం తట్టి "నడువ్‌రా, బస్సు పోతది" అన్నాడు. క్షణంలో రెండు సైన్యాలూ కలిసిమెలిసి గేటు దాటి సడక్ ఎక్కాయి. నేను "ఒరే, ఆగండ్రా" అంటూ వెంటపడ్డాను. ఎవరు వింటారు? పెద్దసారు కుర్చీలోంచి లేవబోయారు.

స్టేజీ మీద మిగిలింది చాచా ఒక్కడే. ఆయన వాయించడం ఆపలేదు. ఆ పద్యం శ్రుతినే పట్టుకొని మళ్లీ మళ్లీ వాయించాడు. సడక్ మీద ఉల్లిగడ్డ ఆగాడు. వెనక్కి తిరిగి, అక్కడినుంచే అంగడి గొంతుతో "కదలకుడు వీరులారా" అని అందుకున్నాడు. పాడుతూనే వెనక్కి నడిచాడు. వీరులు బిత్తరపోయి వాడి వెంట వచ్చారు. షిఫ్టు దిగిన కూలీలు టిఫిన్ డబ్బాలతో ఆ వెనకే లోపలికి వచ్చారు. పద్యం స్టేజీ ఎక్కేసరికి జనం "వన్స్‌మోర్" అని అరిచారు. పాడాడు. మళ్లీ అరిచారు. చివరి రంగం ఎవరికీ రాదు కనుక, చీకటి పడేదాకా అదే పద్యం పాడించి మంగళం పాడేశాం.

నేను తల వంచుకొని పెద్దసారు ముందు నిలబడ్డాను. "నడుమ ఆగింది సార్" అన్నాను.

"ఏడ ఆగింది? సడక్ దాక పోయి వచ్చింది. వచ్చే యేడు గూడ పెట్టు" అన్నారాయన.

నాకు కళ్లు చెమర్చాయి. చాచా అప్పటికే హార్మోనియాన్ని స్టాఫ్ రూమ్ బీరువాలో పెడుతున్నాడు. "ఇంటికి తీస్కపోవా చాచా?" అన్నాను.

"ఎందుకు సార్? వచ్చే యేడు మళ్ల మోసుకొచ్చుడే గద" అన్నాడు, నా వైపు చూడకుండా. ఆ తర్వాత చాలా ఏళ్లు వాయించాడు.

ఇప్పుడా చాచా లేడు. బడికి కరెంటు గంట వచ్చింది, నాకు పెన్షన్ వచ్చింది. కానీ ఎక్కడైనా సైరన్ కూస్తే కుర్చీలోంచి లేచి నిలబడతాను. "ఎటు వోతున్నరు?" అంటుంది మా ఆవిడ.

"ఎటూ లేదు, నా సైన్యం ఇంటికి పోతున్నది" అని నవ్వుకుంటూ మళ్లీ కూర్చుంటాను.